మోటారు గూడుబండి క్రింద ఎఱ్ఱచుక్క



గూడుబండి యనగా నేమో మీకు నేను చెప్పవలసిన పని లేదు. తీర్థమునకో తిరునాళ్లకో పోవునప్పుడు బండిపై గూడు కట్టి, లోపల గడ్డి పఱచి, దానిమీద బొంత వేసి, బియ్యపుమూటయు నీళ్లకుండయు వెంట నుంచుకొని, ప్రొద్దుగ్రుంకిన చోట ఎద్దులను విప్పి, వండుకొని తిని పరుండుట మన పూర్వులు చేసిన ప్రయాణము. అమెరికా దేశమున అట్టి గూడుబండికి ఇంజను తగిలించి నడుపుచున్నారు. దానిని వారు మోటారుహోము అందురు. అందు మంచములు, వంటపొయ్యి, స్నానపు గది, మరుగుదొడ్డి అన్నియు నుండును. 1910వ సంవత్సరముననే పియర్స్-యారో కంపెనీవారు ఇట్టి బండి నొకదానిని ప్రజలకు చూపిరి. 1966లో ఐయోవా రాష్ట్రమందలి ఫారెస్టు సిటీలో విన్నెబాగో కంపెనీవారు వీనిని వరుసగా చేయ నారంభించిన పిమ్మట ఇవి సామాన్య గృహస్థుల కందుబాటులోనికి వచ్చినవి.

ఈనాటి నా ప్రసంగము ఆ బండి సొగసును గూర్చి కాదు. దాని క్రింద పడిన యొక చుక్కను గూర్చి. బండి క్రింద నూనెచుక్క కన్పడినప్పుడు అది యేమి, ఎచ్చటిది, ఏల కాఱినది అను మూడు ప్రశ్నలను వరుస తప్పక వేసికొనవలెనని చెప్పుటయే నా యుద్దేశము. వరుస తప్పినచో నేమగునో స్వయముగా ననుభవించితిని గనుక చెప్పుచున్నాను.

నేను ముప్పది యేండ్లు బస్సుల మరమ్మతు షెడ్డులో పనిచేసినవాడను. 2019వ సంవత్సరము సెప్టెంబరు మాసమున అమెరికాలో, అరిజోనా రాష్ట్రమందలి ఫీనిక్సు నగరమున నున్న మా అబ్బాయి యింటికి పోయితిని. వాడొక పాత మోటారు గూడుబండిని కొనియుండెను. దాని బరువు ఇంచుమించు 8 టన్నులు. అందులో మా అబ్బాయి, కోడలు, మనుమరాలు, నేను గ్రాండు కాన్యను లోయను చూచి, తిరుగుదారిలో ఫ్లాగుస్టాఫు పట్టణమున బండ్లు నిలుపు మైదానములో ఒక రాత్రి దిగితిమి. మఱునాడు శనివారము. ప్రొద్దున లేచి చూతును గదా, బండి నడుమ భాగమున, గేరుపెట్టె క్రింద, సిమెంటు నేలమీద అరచేయంత ఎఱ్ఱని మఱక!

మా అబ్బాయి సోమవారము నాడు ఉద్యోగమునకు పోవలెను. ప్రక్క బండివారు వచ్చి చూచి, "గేరుపెట్టె నూనె ఎఱ్ఱగనే యుండును. పాత బండికి ఇది సహజము. ఒక సీసా కొని పోసికొని పొండు" అని సలహా చెప్పిరి. మా అబ్బాయికి ఆ మాట తీయగా దోచినది. అనుభవశాలి నని పేరుపడిన నేను మాత్ర మేమి చేసితిని? చక్రములకు దిమ్మలు అడ్డు పెట్టి, ఇంజను ఆపించి, క్రిందికి దూఱి, గేరుపెట్టె అడుగు పళ్లెమునకున్న బోల్టులను ఒకటొకటిగా బిగించి, చేతులు తుడుచుకొని, "ఇక కాఱదు" అని చెప్పితిని. సాయంకాలమునకు అదే చోట మరల చుక్క పడినది.

నేను చేసిన తప్పు మీకిప్పుడే తెలిసియుండును. చుక్క పడిన చోటికి నేరుగా పైననున్న వస్తువే దోషి యని తీర్పు చెప్పితిని. అంతేకాదు, ఆ చిన్న బోల్టులను మితిమీఱి బిగించినచో పళ్లెపు అంచు వంగి, నడుమనున్న ప్యాకింగు నలిగి, కాఱనిది కూడ కాఱ నారంభించును. దైవవశమున అంతవఱకు పోలేదు. సిగ్గుపడి మొదటినుండి పని మొదలుపెట్టితిని.

మొదటి ప్రశ్న: ఇది యేమి? మోటారు గూడుబండి యిల్లును, బండియు గూడ. కావున దాని కడుపులో నున్న ద్రవములు రెండింతలు. తేట నీరు చుక్కలుగా పడినచో అది చల్లగాలి యంత్రమునుండి జాఱు నీరు కావచ్చును. దానివలన భయము లేదు. లేదా తాగునీటి తొట్టిది కావచ్చును. వంటింటి నీరును మరుగుదొడ్డి నీరును వాసనచేతనే తెలియును. శీతకాలమున గొట్టములు గడ్డకట్టి పగులకుండ నింటి గొట్టములలో పోయు మందు గులాబి రంగుగా నుండును. ఇవి యింటి ద్రవములు.

బండి ద్రవములు వేఱు. ఇంజను నూనె క్రొత్తగా నున్నప్పుడు తేనెరంగు, వాడినకొలది నలుపు. ఇంజనును చల్లబఱచు కూలెంటు పచ్చగనో, నారింజరంగుగనో, గులాబిగనో యుండి, వ్రేళ్లకు జిగురుగా తగిలి, తియ్యని వాసన వేయును. ఆ తీపికి మోసపోయి కుక్కలును పిల్లలును నాకినచో ప్రాణాపాయము. కనుక నేలమీద పడినదానిని వెంటనే కడిగివేయవలెను. వెనుక ఇరుసులోని పండ్లచక్రముల నూనె చిక్కగా నుండి గంధకపు దుర్వాసన కొట్టును. బ్రేకునూనె లేత పసుపు రంగున పలుచగా నుండి, తగిలినచోట బండి రంగును ఊడదీయును. ఎఱ్ఱని నూనె స్వయముగా మారు గేరుల పెట్టెలో నుండును. ఇతర నూనెలనుండి గుర్తించుటకే దానికా రంగు కలుపుదురు.

అయితే రంగు నొక్కదానినే నమ్మరాదు. ఎఱ్ఱనూనె ప్రాతబడి గోధుమరంగునకు దిగును. కూలెంటు రంగు కంపెనీకొక తీరుగ నుండును. తెల్లని అట్టముక్కను రాత్రి బండి క్రింద పఱచి, ఉదయమున దానిమీది మఱకను వెలుతురున చూచి, వాసన చూచి, వ్రేళ్ల నడుమ రాచి చూడవలెను. నాలుకపై మాత్రము వేయరాదు. మా చుక్క ఎఱుపు, పలుచన, జిడ్డు. ఎఱ్ఱనూనె యని నిశ్చయమైనది.

రెండవ ప్రశ్న: ఎచ్చటిది? ఇచ్చటనే ప్రక్క బండివారి సలహాయు నా తొందరపాటును తేలిపోయినవి. ఎఱ్ఱనూనె మా బండిలో నొక్కచోట గాదు, మూడు చోట్ల నున్నది. గేరుపెట్టెలో నొకటి. బండి నిలిపినప్పుడు నేల ఎగుడుదిగుడుగా నున్నను ఇల్లు సమముగా నుండునట్లు క్రిందికి దిగు నాలుగు ఇనుప కాళ్లకు ఒకటి. స్టీరింగును తేలికగా త్రిప్పుటకు సాయపడు పంపులో నొకటి. ఇంటిలో మూడు గాదెలుండి, వాకిట గింజలు రాలియున్నచో, ఏ గాదెకు కన్నము పడినదో యెట్లు తెలిసికొందుము? మూడు గాదెలను కొలిచి చూచిన, తగ్గినది దొంగను పట్టి యిచ్చును. అట్లే చేసితిమి.

కొలుచుటకును పద్ధతి కలదు. మా బండి గేరుపెట్టె నూనెను, ఇంజను వేడెక్కి నడచుచుండగా సమతలముమీద కొలతపుల్లతో చూడవలెనని బండి పుస్తకములో నున్నది. చూచితిమి: నిండుగా నున్నది. ఇనుప కాళ్లను పూర్తిగా లోనికి ముడిచిన పిమ్మటనే వాని తొట్టిని చూడవలెను. కాళ్లు దిగియుండగా చూచినచో నూనె కాళ్లలోనికి పోయి తొట్టి వెలితిగా కన్పడి మోసము చేయును. ముడిచి చూచితిమి: నిండుగా నున్నది. ఇక స్టీరింగు తొట్టి మూత తెఱచితిమి. నూనె గీతకు రెండంగుళములు క్రింద నున్నది. గాదె దొరకినది. పాపము, గేరుపెట్టె నిరపరాధి!

స్టీరింగు పంపు బండి ముందు భాగమున నున్నది. చుక్క పడినది నడుమను. ఇదెట్లు? వానకాలమున మన పూరిండ్లు కురియుట మీరెఱుగుదురు. చుక్క నడవలో పడును, కన్నము వెన్నుగాడి దగ్గఱ నుండును. నీరు వాసము వెంబడి జాఱి, దానికి తోచిన చోట వదలును. బండిలోను అంతే. పైగా బండి పరుగెత్తునప్పుడు గాలి నూనెను వెనుకకు తఱుముచుండును. కావున తడిసిన వానిలో అన్నిటికంటె ఎత్తైనది, అన్నిటికంటె ముందున్నది వెదకుడు. అదియే మూలము.

జిడ్డు పట్టిన యంత్రములో మూలము కన్పడదు. అందుచేత ఇంజను చల్లారిన తరువాత జిడ్డు కడుగు మందుతోను గుడ్డలతోను ముందు భాగమంతయు తుడిచి ఆఱనిచ్చితిమి. తరువాత మా అబ్బాయిని చోదకుని పీటపై కూర్చుండబెట్టి, ఇంజను నడపించి, నేను చక్రపు ప్రక్కనుండి టార్చిలైటుతో చూచితిని. బండి క్రిందికి దూఱలేదు. ఇంజను నడచుచుండగా క్రిందికి పోరాదు. ఇంటిని సమము చేయు ఆ ఇనుప కాళ్లను నమ్మి యెన్నడును పోరాదు. నూనె ఒత్తిడి తగ్గినచో అవి కూలును, 8 టన్నులు మీదికి వచ్చును.

వాడు స్టీరింగును ఈ కొననుండి ఆ కొనకు త్రిప్పగా, పంపునుండి వచ్చు రబ్బరు గొట్టముమీద ఒకచోట ఎఱ్ఱని ముత్యము వంటి బొట్టు ఉబ్బినది. త్రిప్పుట మానినంతనే ఆగినది. అంతలో వాడు అలవాటుచొప్పున బ్రేకు త్రొక్కెను. బొట్టు మరల ఉబ్బి టపటప రాలినది!

ఇది చూచి నా గుండె జల్లుమన్నది. ఎందుకో చెప్పెదను. మూసిన గొట్టములోని ద్రవము నొకచోట ఒత్తినచో ఆ యొత్తిడి అన్ని దిక్కులకును సమముగా ప్రాకునని 17వ శతాబ్దమున పాస్కల్ అను ఫ్రెంచి పండితుడు తేల్చెను. ఆ సూత్రముననుసరించియే, పూర్వము పియర్స్-యారో కంపెనీ లారీల విభాగమున పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ అను ఇంజనీరు 1926లో నూనె సాయముతో తిరుగు స్టీరింగును బండికి తగిలించి చూపెను. పంపు నూనెను నెట్టును, నూనె చక్రములను త్రిప్పును. మనిషి చేయి దారి చూపినచో చాలును. ఇట్టి బరువు బండ్లలో కొన్నిటికి అదే పంపు, అదే నూనె బ్రేకునకును బలము నిచ్చును. నూనె పంపునుండి మొదట బ్రేకు సాయపు పెట్టెకు పోయి, అచ్చటినుండి స్టీరింగునకు పోవును. స్టీరింగు త్రిప్పినప్పుడును కాఱుచున్నది, బ్రేకు త్రొక్కినప్పుడును కాఱుచున్నది గనుక, చిల్లి పంపునకును బ్రేకు పెట్టెకును నడుమనున్న మొదటి గొట్టములోనే యని రూఢియైనది. ఆ గొట్టము తెగినచో స్టీరింగు బలమును బ్రేకు బలమును ఒక్కసారిగా పోవును. వేడిగానున్న పొగగొట్టముమీద ఆ నూనె చిమ్మినచో నిప్పంటుకొనుటయు కలదు.

మా అబ్బాయి అప్పటికిని, "నాన్నా, చుక్క చుక్కగానే గదా కాఱుచున్నది. రెండు సీసాలు వెంట నుంచుకొని, దారిలో పోసికొనుచు మెల్లగా దిగుదము" అనెను. నేను వాదింపలేదు. "ఇంజను ఆపి బ్రేకును వరుసగా త్రొక్కు" మంటిని. త్రొక్కెను. మొదట రెండు మాఱులు మెత్తగా దిగినది, దాచియుంచిన ఒత్తిడి అంతమాత్రమే యుండును. తరువాత త్రొక్కగా రాతిని త్రొక్కినట్లుండెను. "పంపు ఆగినప్పుడు నీకు మిగులునది ఆ రాయి. దానిని త్రొక్కుచు నీ బిడ్డను ఎక్కించుకొని ఈ కొండ దిగగలవా?" అని యడిగితిని. ఫ్లాగుస్టాఫు సుమారు 6,900 అడుగుల యెత్తున నున్నది. ఫీనిక్సు 1,100 అడుగుల యెత్తున నున్నది. నడుమ వెర్డే లోయలోనికి దారి కొన్ని మైళ్లు నూటికి ఆఱు పాళ్ల వాలున దిగును. వాడు మాఱుమాట లేక తాళపుచెవి తీసి నా చేతిలో పెట్టెను. సోమవారమునకు సెలవు అడుగుటకు ఫోను చేసికొనెను.

నా పట్టుదలకు వేఱొక కారణము కూడ కలదు. షెడ్డులో పనిచేయు కాలమున ఒకమాఱు, వేళ మించుచున్నదని, కాఱు బ్రేకునూనెను నింపి బస్సును పంపివేసితిని. అది వాగు వంతెన దగ్గఱ ఆగక గట్టునకు ఒరిగి నిలిచినది. ఎవ్వరికిని ప్రాణహాని లేదు. కాని ఆ రాత్రి బస్సు దిగి వచ్చిన ముసలమ్మ నన్ను చూచిన చూపును నేటికిని మఱువలేదు.

మూడవ ప్రశ్న: ఏల కాఱినది? అనేకులు రెండవ ప్రశ్నతో ఆగిపోవుదురు. చిల్లిపడిన గొట్టమును తీసి క్రొత్తది వేయుదురు. సోమవారము నాడు వచ్చిన మేస్త్రీయు అంతే చేయబోయెను. పాత గొట్టమును చేతికి తీసికొని చూచితిమి. ఒక్కచోట మాత్రమే రబ్బరు అరిగి లోపలి అల్లిక బయటపడియుండెను. మిగిలినది గట్టిగనే యున్నది. అనగా ఇది ముసలితనము కాదు, రాపిడి. బండి చట్రముమీద వెదకగా, గొట్టమును పట్టి యుంచవలసిన క్లిప్పు లేదు. దాని బోల్టు రంధ్రము మాత్రము ఖాళీగా నున్నది. మునుపెవరో మరమ్మతు చేసి తిరిగి బిగించుట మఱచిరి. గొట్టము ఊగి ఊగి ఇనుప అంచునకు రాచుకొని తెగవచ్చినది. క్లిప్పు వేయకున్నచో క్రొత్త గొట్టమునకును అదే గతి పట్టును. రూపాయి వెల చేయని క్లిప్పు లోపమునకు నలుగురి ప్రాణములు పణముగా నుండెను.

సరియైన గొట్టము మఱునాడు వచ్చినది. రబ్బరు గొట్టమునకు గుడ్డ చుట్టి తీగ బిగించుట, జిగురు పూయుట ఇచ్చట పనికిరావు. అందలి ఒత్తిడి చదరపు అంగుళమునకు వేయి పౌనులు దాటును. కాఱుట మాన్పునని సీసాలలో నమ్ము మందులు గట్టిపడిన సీలును కొంత మెత్తబఱుపవచ్చునే గాని, తెగిన గొట్టమును అతుకలేవు. గొట్టమును బిగించి, క్రొత్త క్లిప్పు వేసి, పుస్తకములో చెప్పిన నూనెనే పోసితిమి. పిమ్మట ముందు చక్రములను లేపి, దృఢమైన స్టాండులపై నిలిపి, ఇంజను నడపకయే స్టీరింగును మెల్లగా ఈ కొననుండి ఆ కొనకు అనేకమాఱులు త్రిప్పితిమి. గొట్టములోని గాలి బుడగలుగా తొట్టిలోనికి వచ్చినది. తరువాత ఇంజను నడపి మరల త్రిప్పితిమి. నూనె నురుగు లేక తేటపడువఱకు విడువలేదు. కడపట ఇంజను ఆపి, దాచిన బలము పోవువఱకు బ్రేకు త్రొక్కి, కాలు తీయకయే ఇంజను నడపగా, బ్రేకు ఒకింత దిగి మరల పాదమును పైకి నెట్టినది. సాయము తిరిగి వచ్చినదనుటకు అది గుర్తు. తీసిన పాత నూనెను నేలపాలు చేయక డబ్బాలో పట్టి, వాడిన నూనె తీసికొను దుకాణమున నిచ్చితిమి.

ఆ రాత్రి బండి క్రింద తెల్లని అట్ట పఱచి పరుంటిమి. తెల్లవాఱగనే మా మనుమరాలు పరుగున పోయి చూచి వచ్చి, "తాతయ్యా, అట్ట తెల్లగానే ఉంది" అని చెప్పినది. బుధవారము నాడు కొండ దిగితిమి. వెర్డే లోయ దిగునంతసేపును బండిలో నెవ్వరును మాటలాడలేదు. క్రిందికి దిగిన పిమ్మట మా అబ్బాయి ఒక్కమాట అనెను: "రెండు దినములు పోయినవి, పోనీ."

పెద్దలారా, మోటారు గూడుబండి మీ వాకిటిలో నుండకపోవచ్చును. కాని ట్రాక్టరు ఊరూర నున్నది. దాని వెనుక నాగలిని ఎత్తి దించునదియు ఇట్టి నూనె బలమే. అచ్చటను చుక్క కన్పడినచో ఈ మూడు ప్రశ్నలే వేయుడు. మఱియొక జాగ్రత్త మీ పిల్లలకు తప్పక చెప్పుడు. ఇంజను నడచుచుండగా నూనె గొట్టమును చేతితో తడిమి చిల్లిని వెదకరాదు. సూదిమొన వంటి రంధ్రమునుండి చిమ్ము ధార కంటికి కన్పడదు, కాని చర్మమును చీల్చుకొని లోనికి పోవును. పైకి చీమకుట్టినంతయే యున్నను లోపల కండ కుళ్లి వ్రేలు, ఒక్కొక్కప్పుడు చేయియే తీసివేయవలసివచ్చును. అట్లు తగిలినచో నొప్పి లేదని ఊరకుండక ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పోవలెను. చిల్లిని వెదకుటకు చేతికి బదులు అట్టముక్కను గొట్టము దగ్గఱ పట్టినచో మఱక పడి చోటు తెలియును. బ్రేకు తొట్టిలో బ్రేకునూనె తప్ప వేఱొక నూనె చుక్కయైనను పోయకుడు. లోపలి రబ్బరు ఉబ్బి చెడి, బ్రేకు పూర్తిగా పోవును.

కాఱిన నూనెను నింపుట తప్పు కాదు. నింపి మఱచుట తప్పు. చుక్క పడుట బండి మనతో మాటలాడుటయే. సీసాతో దాని నోరు మూయక, ఒక దినము నిలిచి చెప్పునది వినుడని మనవి చేసి, ఇంతటితో సెలవు తీసికొనుచున్నాను.